రాకెట్ ఎగరడం నచ్చిందా, దాని లెక్క నచ్చిందా?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మా అమ్మాయి విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. పదో తరగతిలో ఉండగా చంద్రయాన్-3 దిగడం టీవీలో చూసింది. అప్పటి నుంచి ఏరోస్పేస్ ఇంజినీరింగ్ తప్ప ఇంకోటి చదవనంటోంది. మావారికి మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. ‘సీఎస్‌ఈ చేసి అమెరికా వెళ్తే చాలు, అంత ఇష్టమైతే అక్కడ ఎమ్మెస్‌లో ఆ రాకెట్లేవో చదువుకోవచ్చు’ అంటారు. మా తమ్ముడేమో విమానాల మెయింటెనెన్స్ కోర్సు చేయించమంటాడు, రెండూ ఒకటేనట. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు మీ తమ్ముడి మాట తేల్చేద్దాం. రెండూ ఒకటి కాదు. ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్, అంటే ఏఎంఈ, విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే లైసెన్సు కోసం చేసే శిక్షణ. గన్నవరంలో దిగిన విమానాన్ని పరీక్షించి, మళ్లీ ఎగరొచ్చని సంతకం పెట్టే వాళ్ల దారి అది. మంచి వృత్తే. కానీ మీ అమ్మాయి అడుగుతున్నది విమానాన్నో రాకెట్‌నో రూపొందించే చదువు.

ఇక అమ్మాయి సంగతి. ఆమెకు నచ్చింది ఏమిటో నాకు మీ ఉత్తరంలో కనబడలేదు. 2023 ఆగస్టు 23 సాయంత్రం ల్యాండర్ దిగుతుంటే చప్పట్లు కొట్టని పిల్లలు మన జిల్లాల్లో ఉండరు. వాళ్లందరూ ఏరోస్పేస్ చదవాల్సిన పని లేదు కదా. అందుకే నా దగ్గరికి ఈ కోరికతో వచ్చే పిల్లలకు ఒక చిన్న లెక్క ఇస్తాను. ఇంజిన్ నుంచి వాయువు సెకనుకు 3 కిలోమీటర్ల వేగంతో బయటికొస్తోంది. భూమి ఆకర్షణ, గాలి నిరోధం తినేసేది కూడా కలుపుకుంటే కక్ష్యలోకి చేరడానికి రాకెట్‌కు సెకనుకు సుమారు 9 కిలోమీటర్ల వేగం కావాలి. దశలేమీ లేని ఒకే రాకెట్ అనుకుంటే, బయల్దేరేటప్పటి బరువులో ఇంధనం, ఆక్సిడైజర్ కలిసి ఎంత ఉండాలి? రాకెట్ సమీకరణం ఇంటర్నెట్‌లో దొరుకుతుంది, ఇంటర్‌లో నేర్చుకున్న లాగరిథమ్స్ సరిపోతాయి. జవాబు 95 శాతం వస్తుంది. అంటే 100 టన్నుల రాకెట్‌లో ట్యాంకులు, ఇంజిన్లు, ఉపగ్రహం అన్నీ 5 టన్నుల్లో సర్దాలి. ఇక్కడికి రాగానే కొందరు పిల్లలు పెన్ను పక్కన పెట్టేస్తారు. కొందరు ‘మరి ఖాళీ అయిన ట్యాంకును దారిలోనే వదిలేస్తే?’ అని మళ్లీ లెక్క మొదలుపెడతారు. రెండో రకం పిల్లల గురించి నాకు బెంగ ఉండదు.

ఎందుకంటే ఆ నాలుగేళ్లూ ఫ్లూయిడ్ మెకానిక్స్, థర్మోడైనమిక్స్, స్ట్రక్చర్స్, కంట్రోల్ సిస్టమ్స్. వాటన్నిటికీ అడుగున డిఫరెన్షియల్ ఈక్వేషన్లు. ఇంటర్‌లో ఆ చాప్టర్‌ను వెయిటేజీ చూసుకుని వదిలేసే పిల్లలకు ఈ చదువు పడదు, నిర్మొహమాటంగా చెబుతున్నాను.

లెక్క నచ్చిందనుకుందాం. అప్పుడు సీటు ఎక్కడ అన్నదే ప్రశ్న. బొంబాయి, మద్రాసు, కాన్పూర్, ఖరగ్‌పూర్ ఐఐటీల్లో ఏరోస్పేస్ ఉంది. తిరువనంతపురంలో 2007లో అంతరిక్ష శాఖ కింద పెట్టిన ఐఐఎస్‌టీ ఉంది, దానికీ జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకే ఆధారం. అక్కడ చేరితే ఇస్రో ఉద్యోగం ఖాయమని చాలామంది అనుకుంటారు. అది మార్కులను బట్టి, ఆ ఏడాది ఖాళీలను బట్టి ఉంటుంది. అయినా ఈ ఐదింటిలో ఎక్కడ సీటొచ్చినా పంపించండి.

రాకపోతే? మంచి ఎన్‌ఐటీలోనో యూనివర్సిటీ కాలేజీలోనో మెకానికల్ లేదా ఈసీఈ తీసుకుని, గేట్ రాసి ఎంటెక్‌లో ఏరోస్పేస్‌కు మారమంటాను. ఇది రెండో రకం దారి అని చిన్నబుచ్చుకోనక్కర్లేదు. చంద్రయాన్-3 దిగిన రోజు ఇస్రో ఛైర్మన్‌గా ఉన్న సోమనాథ్ కొల్లంలో మెకానికల్ చదివి, తర్వాత బెంగళూరు ఐఐఎస్‌సీలో ఏరోస్పేస్ చేశారు. ఆయన తర్వాత వచ్చిన నారాయణన్ మెకానికల్ డిప్లొమాతో మొదలుపెట్టారు. హైదరాబాద్ స్కైరూట్ 2022 నవంబర్‌లో శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్ ఎగరేసింది, దాన్ని స్థాపించిన ఇద్దరిలో ఒకరిది మెకానికల్, ఇంకొకరిది ఎలక్ట్రికల్. ఇస్రో ఇంజినీర్ ఉద్యోగాల ప్రకటనలు చూడండి, ఎక్కువగా పిలిచేది మెకానికల్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ సైన్స్ వాళ్లనే.

ఈఏపీసెట్ ర్యాంకుతో ప్రైవేటు కాలేజీలో ఏరోస్పేస్ సీటు కూడా దొరకొచ్చు. చేర్చే ముందు ఒకసారి ల్యాబ్ చూపించమనండి. ఓ కాలేజీలో విండ్ టన్నెల్, అంటే గాలి ప్రవాహంలో నమూనాలను పరీక్షించే యంత్రం, చూపించమంటే, గుడ్డ కప్పిన యంత్రం దగ్గరికి తీసుకెళ్లి ‘తాళం చెవి ఉన్న సార్ సెలవులో ఉన్నారండి’ అన్నారు నాతో. పోయిన బ్యాచ్ పిల్లలు ఏ కంపెనీల్లో, ఏ పనిలో చేరారో అడగండి. ప్లేస్‌మెంట్లు వంద శాతం అని చెప్పి, లోపల చూస్తే అందరూ జావా రాస్తున్నారని తేలితే, దానికి సీఎస్‌ఈయే నయం.

మీవారి అమెరికా ఆలోచనకు వస్తాను. సీఎస్‌ఈ చదివితే ఫ్లూయిడ్స్, స్ట్రక్చర్స్ పునాది ఉండదు కాబట్టి ఏరోస్పేస్ ఎమ్మెస్‌కు మారడం కష్టం. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. అక్కడ రాకెట్లు, క్షిపణులు, యుద్ధ విమానాల పరిజ్ఞానం ఐటార్ అనే ఎగుమతి నియంత్రణ నిబంధనల కిందకు వస్తుంది. ఆ ఉద్యోగాలు దాదాపుగా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే. ఎమ్మెస్‌లో చేర్చుకుంటారు, ఫీజు కట్టించుకుంటారు, ఉద్యోగం దగ్గరికొచ్చేసరికి స్టూడెంట్ వీసా చూసి పక్కన పెడతారు. అప్పు చేసి పంపిన తల్లిదండ్రులకు ఈ సంగతి తర్వాత తెలుస్తుంది. అమెరికానే ముఖ్యమైతే సీఎస్‌ఈ మేలు, మీవారి లెక్క తప్పు కాదు. ఏరోస్పేసే ముఖ్యమైతే బయటి చదువుకు నెదర్లాండ్స్‌లో డెల్ఫ్ట్, ఫ్రాన్స్‌లో టౌలౌస్ లాంటి చోట్లు చూసుకోవాలి.

ఇక్కడ అవకాశాలు లేవా అంటే, హైదరాబాద్‌లో క్షిపణులు రూపొందించే డీఆర్‌డీఎల్, ఆర్‌సీఐ ల్యాబ్‌లు ఉన్నాయి, ఆదిభట్లలో టాటా-బోయింగ్ అపాచీ హెలికాప్టర్ల ఫ్యూజ్‌లాజ్‌లు, అంటే ప్రధాన బాడీలు, తయారుచేస్తోంది. బెంగళూరులో విమానాలు తయారుచేసే హెచ్‌ఏఎల్, విమాన పరిశోధన చేసే ఎన్‌ఏఎల్. అయితే మొదటి నాలుగైదేళ్లు జీతం విషయంలో మేనమామ కొడుకు సాఫ్ట్‌వేర్ ప్యాకేజీతో పోల్చకుండా ఉండగలరా? ఉండలేమనుకుంటే ఇప్పుడే అమ్మాయితో చెప్పేయండి.

యార్డుకు సెలవు ఉన్న రోజు చూసుకుని ముగ్గురూ ఒకసారి విజయవాడ ఆఫీసుకు రండి. అమ్మాయి ఆ రాకెట్ లెక్క చేసిన కాగితం తప్పుల కొట్టివేతలతో సహా తీసుకురావాలి, నీట్‌గా తిరగరాసింది వద్దు.