కోటీశ్వరుడి హాట్ సీటుకి తయారవ్వాలంటే జీకే పుస్తకం చాలుతుందా?

ప్రశ్న: డిగ్రీ అయ్యాక గ్రూప్స్‌కి చదువుతున్నాను. జీకే బాగానే వచ్చు. కోటీశ్వరుడు లాంటి టీవీ క్విజ్ షోకి వెళ్ళాలని ఉంది. పుస్తకాలు కాకుండా ఇంకేం సాధన చెయ్యాలి?

జవాబు:

గ్రూప్స్ చదువు ఈ ఆటకి మంచి పునాదే. కాకపోతే పరీక్షలో ఒక ప్రశ్న తప్పితే పోయేది కొంచెం మార్కే, ఇక్కడ ఒక్క తప్పుతో ఆట ముగుస్తుంది. అందుకే జవాబు తెలియడంతో పాటు ఆ జవాబు మీద మీకు నిజంగా ఎంత నమ్మకం ఉందో కూడా తెలిసుండాలి. చాలామంది మొదటిదానికే తయారై వస్తారు. దెబ్బతినేది రెండోదాని దగ్గర.

ఆట స్వరూపం ముందు చెప్తాను. 1998లో బ్రిటన్‌లో మొదలైన ఈ ఆట 2000 జులైలో అమితాబ్ బచ్చన్‌తో కౌన్ బనేగా కరోడ్‌పతి (కేబీసీ)గా హిందీలోకి వచ్చింది. తెలుగులో 2014లో నాగార్జునతో ‘మా టీవీ’ ఛానల్లో ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’, 2017లో అదే షో చిరంజీవితో, 2021లో ఎన్టీఆర్‌తో జెమినీలో ‘ఎవరు మీలో కోటీశ్వరులు’ వచ్చాయి. 2021లో మన పోలీసు శాఖ సబ్ ఇన్‌స్పెక్టర్ ఒకరు కోటి గెలిచారు. తెలుగు సీజన్ నడవని ఏడాది మనవాళ్ళకి మిగిలే దారి హిందీ కేబీసీ. తయారీ రెండింటికీ దాదాపు ఒకటే. తేడా ఉన్నచోట చెప్తాను.

ఎంపిక సాధారణంగా ఇలా సాగుతుంది. రిజిస్ట్రేషన్ రోజుల్లో టీవీలో ప్రశ్న వేస్తారు, గడువులోగా ఎస్సెమ్మెస్ ద్వారానో యాప్‌లోనో జవాబు పంపాలి. సరైన జవాబు పంపినవాళ్ళు లక్షల్లో ఉంటారు కాబట్టి అందులోంచి కంప్యూటర్ కొందరిని ఏరుతుంది. ఈ ఒక్క మెట్టు అదృష్టం చేతుల్లో ఉంటుంది, ప్రతి ప్రశ్నకీ జవాబు పంపడం తప్ప చేసేదేమీ లేదు. ఆ తర్వాత ఫోన్లో కొన్ని ప్రశ్నలు అడుగుతారు. అందులో నెగ్గితే ఆడిషన్, అక్కడ జీకే పరీక్ష, ఇంటర్వ్యూ. ఈ ఇంటర్వ్యూని తేలిగ్గా తీసుకోవద్దు. మీ గురించి రాసిచ్చే ఫారంలో ‘పుస్తకాలు చదవడం, పాటలు వినడం’ అని రాస్తే ఎవరికీ గుర్తుండరు. ‘మా ఊళ్ళో డెబ్భై గడపలు, బస్సు రోజుకి రెండుసార్లు వస్తుంది’ అన్నట్టు కంటికి కనబడేలా రాయండి. అయితే అబద్ధం ఒక్కటి కూడా వద్దు. హోస్ట్ కెమెరా ముందు అడిగేది ఆ ఫారంలోదే.

ఏ దశలోనూ ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు. ‘కేబీసీ లాటరీలో ఇరవై ఐదు లక్షలు వచ్చాయి, ముందు టాక్స్ కట్టండి’ అని వాట్సాప్‌లో వచ్చేది పచ్చి మోసం. ఈ షోకి లాటరీయే లేదు.

ఇక ఫాస్టెస్ట్ ఫింగర్. ఎక్కువ సీజన్లలో పదిమంది కూర్చుంటారు, నాలుగు ఆప్షన్లని సరైన వరుసలో పెట్టాలి, సరిగ్గా పెట్టినవాళ్ళలో వేగంగా నొక్కినవాళ్ళు హాట్ సీటుకి వెళ్తారు. 2021 కేబీసీలో దీన్ని మార్చి మూడు జీకే ప్రశ్నలు పెట్టారు, కాబట్టి మీ సీజన్ నియమాలు ముందే చూసుకోండి. నాలుగింటిని పేర్చే పద్ధతులు 24. మొదటిది ఏదో కచ్చితంగా తెలిస్తే ఆరే మిగులుతాయి. మొదటిదీ చివరిదీ తెలిస్తే రెండే. కాబట్టి కంటితో ముందు వెతకాల్సింది రెండు కొసల్ని. మధ్యలో రెండూ వాటంతట అవే సర్దుకుంటాయి.

దీనికి జీకే పుస్తకాన్ని మామూలుగా చదివితే కుదరదు, వరుసలుగా చదవాలి. కృష్ణ మీద పైనుంచి కిందికి ఆల్మట్టి, నారాయణపూర్, జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్, పులిచింతల, ప్రకాశం బ్యారేజీ. రామాయణంలో కాండలు, భారతంలో పద్ధెనిమిది పర్వాలు, తెలుగు నెలలు, ప్రధానుల క్రమం, సూర్యుడి నుంచి గ్రహాలు. ఒక్కో వరుసలోంచి నాలుగు చీటీలు తీసి కలిపేసి, ఎవరైనా గడియారం పట్టుకుంటే పేర్చండి. ‘పెద్ద నుంచి చిన్నకి’ అన్నదాన్ని ‘చిన్న నుంచి పెద్దకి’ అని చదివేసి ఓడిపోయేవాళ్ళే ఎక్కువ. అందుకే దిశ చెప్పే మాటని పెదవి కదిపి మరీ చదవండి, ఆ తర్వాతే వేలు కదపండి.

హిందీ షోకి వెళ్తే ఇంకో గండం ఉంది. మనకీ వాళ్ళకీ ఒకేలా వినిపించి అర్థం వేరైన మాటలు. హిందీలో ఉపన్యాస్ అంటే నవల. ఇతిహాస్ అంటే చరిత్ర, చరిత్ర్ అంటే నడవడిక. శిక్షా అంటే చదువు. గడియారం తిరుగుతున్నప్పుడు ‘ఉపన్యాస్’ వినగానే తెలుగు బుర్ర ప్రసంగాల వైపు వెళ్ళిపోతుంది. ఇలాంటివి ఓ యాభై రాసుకుని నోటికి పట్టించుకోండి.

చదివే పుస్తకం ఏ ఏడాదిదో చూడండి. తెలంగాణ జిల్లాలు 2016 అక్టోబరు దాకా 10, ఆ తర్వాత 31, 2019లో 33. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ దాకా ఉన్న 13 అన్న లెక్క ఇప్పుడు చెల్లదు. ఎక్కువ ఉపగ్రహాలున్న గ్రహం గురుడా శనా అన్న దానికి కూడా పాత పుస్తకం జవాబు మారిపోయింది. 2025 లెక్కకి శనికి 274 ఉన్నాయి. అంకె ఉన్న ప్రతి వాక్యం పక్కనా తేదీ రాసుకునే అలవాటు ఇక్కడ ప్రాణం కాపాడుతుంది.

ఇప్పుడు అసలైన భాగం, మెట్లు. కేబీసీలో 2019 నుంచి 2021 దాకా ఉన్న బహుమతుల నిచ్చెన (రూపాయల్లో) చూడండి: 1,000, 2,000, 3,000, 5,000, 10,000, 20,000, 40,000, 80,000, 1,60,000, 3,20,000, 6,40,000, 12,50,000, 25 లక్షలు, 50 లక్షలు, కోటి, ఆపైన 7 కోట్లు. అయిదో మెట్టు 10,000, పదో మెట్టు 3,20,000 రక్షిత మెట్లు, అక్కడ చేరాక తప్పు చెప్పినా అంతకన్నా కిందికి పడరు.

దీన్నిబట్టి ప్రతి మెట్టు దగ్గరా ఆడాలా మానాలా అన్నది ఇంట్లోనే లెక్క వేసుకోవచ్చు. మీ చేతిలో 6,40,000 ఉంది, తర్వాతి ప్రశ్న 12,50,000కి. తప్పితే 3,20,000 పోతుంది, ఒప్పయితే 6,10,000 వస్తుంది. పోయేదాన్ని, పోయేదీ వచ్చేదీ కలిపిన మొత్తంతో భాగిస్తే 34 శాతం. అంటే మీ నమ్మకం అది దాటితే లెక్క ఆడమంటుంది. పన్నెండున్నర లక్షల దగ్గర ఆ గీత 43 శాతం. పాతిక లక్షల దగ్గర 47, యాభై లక్షల దగ్గర 48. కింద 1,60,000 దగ్గర కూడా 48 శాతమే, ఎందుకంటే తప్పితే ఏకంగా 10,000కి పడతారు. చాలామంది భయపడేది పై మెట్లకి, నిర్లక్ష్యంగా ఆడేది ఈ తొమ్మిదో మెట్టు మీద. రక్షిత మెట్టు దాటగానే వచ్చే ప్రశ్నలకి, అంటే ఆరోదానికీ పదకొండోదానికీ, ఏమీ తెలియకపోయినా ఏదో ఒకటి చెప్పాల్సిందే. అక్కడ పోయేది ఏమీ లేదు కాబట్టి ఆట మానేయడం తప్పు.

కానీ లెక్క ఒక్కదాన్నే పట్టుకుంటే ప్రమాదం. ఇదే సూత్రం కోటి దగ్గర పెడితే 7 కోట్ల కోసం 14 శాతం నమ్మకం చాలంటుంది, అంటే కళ్ళు మూసుకుని నొక్కినా సరేనంటుంది. అప్పుల్లో ఉన్న ఇంటికి కోటి పోవడం, ఆరు కోట్లు కలవడం ఒకే త్రాసులో తూగవు. 2019లో కోటి గెలిచిన బిహార్ యువకుడు సనోజ్ రాజ్‌కి వచ్చిన 7 కోట్ల ప్రశ్న, ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్ బ్రాడ్‌మన్ ఏ భారత బౌలర్ బంతికి పరుగు తీసి నూరో ఫస్ట్ క్లాస్ సెంచరీ పూర్తి చేశాడని. జవాబు గోగుమల్ కిషన్‌చంద్. అతను ఆట మానేసి కోటితో వెళ్ళాడు, సరైన పనే చేశాడు. మీరు కూడా బయల్దేరే ముందే ఇంట్లోవాళ్ళతో కూర్చుని ‘ఇంత చేతిలో ఉంటే ఇంత నమ్మకం లేకుండా ఆడను’ అని ఒక కాగితం మీద రాసుకోండి. లైట్ల కింద కూర్చుని ఆ నిర్ణయం తీసుకోలేరు.

ఈ శాతాలు చెప్పడం ఊరికే రాదు. వంద ప్రశ్నలు తీసుకోండి, ప్రతి జవాబు పక్కనా 25, 50, 70, 90, 100లో ఒకటి వేయండి. తర్వాత సరిచూసుకుని, 90 వేసినవాటిలో ఎన్ని ఒప్పో విడిగా లెక్కపెట్టండి. మొదటిసారి చాలామందికి 70 దగ్గర తేలుతుంది. అదే మీ జబ్బు. పది పన్నెండు వారాలు వారానికో వంద చేస్తే మీరు వేసే అంకె, వచ్చే ఫలితం దగ్గరపడతాయి. ‘ఎక్కడో విన్నట్టుంది’ అన్న భావనని నమ్మకం అనుకోవడం దీంతో తగ్గుతుంది. తెలిసిన పేరు ఆప్షన్లలో ఎర కావచ్చని కూడా అప్పుడే అర్థమవుతుంది.

లైఫ్‌లైన్లు, అంటే జవాబు తెలియనప్పుడు తీసుకునే సాయాలు, సీజన్ని బట్టి మారుతుంటాయి, వాడే పద్ధతి మాత్రం మారదు. ప్రేక్షకులు ఓటేసి చెప్పే ఆడియన్స్ పోల్‌ని సినిమా, క్రికెట్, రోజూ వాడే వస్తువుల ప్రశ్నలకి, ఎనిమిదో ప్రశ్నలోపు వాడండి. పెద్ద ప్రశ్నకి దాచుకుంటే ఓట్లు నాలుగు వైపులా చీలిపోతాయి. కేబీసీ ముంబైలో తీస్తారు, అక్కడి ప్రేక్షకులని పెన్నా నది గురించి అడిగి లాభం లేదు. రెండు తప్పుడు ఆప్షన్లని తీసేసే ఫిఫ్టీ-ఫిఫ్టీని రెండు ఆప్షన్ల మధ్య ఊగుతున్నప్పుడు వాడాలి. తప్పుడు ఆప్షన్లు ఏ వరసా లేకుండా పోతాయనుకుంటే, మీకు అడ్డొచ్చే ఆ రెండోది మూడింట రెండుసార్లు పోతుంది. నాలుగూ కొత్తగా ఉన్నప్పుడు వాడితే చివరికి బొమ్మా బొరుసే.

ఆట మధ్యలో ఫోన్ చేసి అడిగే స్నేహితులుగా తెలివైనవాళ్ళని కాక వేర్వేరు విషయాలు తెలిసినవాళ్ళని పెట్టుకోండి: సైన్సుకి ఒకరు, పురాణాలకీ సాహిత్యానికీ ఒకరు, ఆటలకీ సినిమాకీ ఒకరు. ఉండేది ముప్పై సెకన్లే, ప్రశ్న, ఆప్షన్లు చదవడానికే సగం పోతాయి. పలకరింపులు వద్దు. ప్రశ్నలోని కీలక మాట ముందు చెప్పి, ఆప్షన్లు చదివి, ‘ఎంత శాతం?’ అని అడగండి. అవతలివాళ్ళు ‘బీ, ఎనభై’ అని ఆగిపోవాలి. దీన్ని ఇంటి దగ్గర ముగ్గురితోనూ కనీసం ఇరవైసార్లు చేయించండి. షూటింగ్ రోజు వాళ్ళు సిగ్నల్ సరిగ్గా ఉన్నచోట ఖాళీగా ఉండాలి.

సమయం సంగతి: ఇటీవలి కేబీసీల్లో మొదటి అయిదింటికి 45 సెకన్లు, తర్వాతి అయిదింటికి 60. పదకొండు నుంచి గడియారం లేదు. అక్కడ నీళ్ళు తాగండి, ఆప్షన్లని ఒక్కొక్కటిగా పైకి చర్చించండి. ‘లాక్’ అనేదాకా మార్చుకోవచ్చు. హోస్ట్ ‘కచ్చితమా?’ అంటే అందులో సూచన వెతక్కండి, ఒప్పుకీ తప్పుకీ అదే అడుగుతారు.

బట్టలు మూడు నాలుగు జతలు పట్టుకెళ్ళండి, మీ ఆట మర్నాటి ఎపిసోడ్‌కి పాకొచ్చు. సన్న చారలు, చిన్న గళ్ళు కెమెరాలో అలలు అలలుగా కనిపిస్తాయి, కంపెనీ గుర్తులుంటే ఒప్పుకోరు. స్టూడియోలో ఏసీ చలి గట్టిగా ఉంటుంది. ఫోన్ తీసేసుకుంటారు. ప్రసారమయ్యేదాకా ఫలితం బయట చెప్పనని సంతకం పెట్టాలి, దాన్ని ఇంటి చుట్టాల దగ్గర కూడా పాటించాలి.

ఇక పన్ను. టీవీ ఆటలో గెలిచినదానికి ఎంత గెలిచినా ఒకే రేటున 30 శాతం పన్ను, ఆ పన్ను మీద 4 శాతం సెస్. ఆదాయం తక్కువన్న మినహాయింపు, పొదుపు పథకాల తగ్గింపు దీనికి వర్తించవు. ఖర్చులూ చూపకూడదు. 12,50,000 గెలిస్తే పన్ను 3,75,000, సెస్ 15,000, చేతికి మిగిలేది 8,60,000. కోటి గెలిచి వేరే ఆదాయం లేకపోతే పన్ను మీద 10 శాతం సర్‌చార్జి కూడా పడి మొత్తం 34,32,000 పోతుంది, 65,68,000 మిగులుతుంది. షోవాళ్ళు ముందే కోసుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను (టీడీఎస్) 30 శాతమే. సర్‌చార్జి, సెస్ మీరే కట్టాలి. ఖాతాలో పడ్డదంతా మీదే అనుకుని ఇల్లు కొనేస్తే మరుసటి ఏడాది రిటర్ను దగ్గర ఇరుక్కుంటారు. రిటర్ను ఫారాల్లో ఐటీఆర్-1లో ఈ ఆదాయం చూపడం కుదరదు, జీతం ఉన్నవాళ్ళయితే ఐటీఆర్-2 వేయాలి.