సమ్మర్ టీమ్‌కి ఆటగాళ్లు కావాలంటే ముందు మన పక్కనున్న కాలేజీ గ్రౌండ్‌కి వెళ్లు

తమ్ముడూ,

కాలేజీ కుర్రాళ్లు వేసవిలో ఆడే మన బేస్‌బాల్ టీమ్‌కి ఈ ఏడాది ఆటగాళ్లను చూసే పని నీకు అప్పగించారని విని చాలా సంతోషించాను. నువ్వు పంపిన లిస్టు కూడా చూశాను. కాలిఫోర్నియా, టెక్సాస్, అరిజోనా కాలేజీల కుర్రాళ్లతో నిండిపోయింది, కెనడా పిల్లల పేర్లు మాత్రం అడుగున నాలుగు, అదీ కెనడియన్లు ఇంతమంది ఉండాలనే లీగ్ రూల్ కోసం పెట్టినట్టు. ఆ లిస్టుని తలకిందులు చెయ్యమని చెప్పడానికే ఇది రాస్తున్నా. ముందు మన చుట్టుపక్కల కాలేజీల పిల్లలతో జట్టు కట్టుకో, మిగిలిన ఖాళీలు ఏవో చూసుకుని అప్పుడు అమెరికాకి ఫోన్ చెయ్యి.

ఎందుకంటావా, క్యాలెండర్ ఒకసారి ముందు పెట్టుకుని చూడు. మన వెస్టర్న్ కెనడియన్ బేస్‌బాల్ లీగ్ మే చివర్లో మొదలై ఆగస్టులో ప్లేఆఫ్స్‌తో ముగుస్తుంది, మధ్యలో 50కి పైగా ఆటలు, ఊపిరి తీసుకునే రోజులు చాలా తక్కువ. అమెరికా కాలేజీ ఆటల్లో పై స్థాయి అయిన ఎన్‌సీఏఏ మొదటి డివిజన్ జట్టు బాగా ఆడితే జూన్ మొదట్లో కూడా రీజనల్స్‌లోనే, అంటే ఛాంపియన్‌షిప్ తొలి రౌండ్‌లోనే ఉంటుంది, ఇంకా బాగా ఆడితే జూన్ మధ్యలో ఆఖరి రౌండ్ జరిగే ఒమాహాలో ఉంటుంది. అంటే నువ్వు ఎంచుకున్న కుర్రాడి జట్టు ఎంత గట్టిదైతే అతను అంత ఆలస్యంగా దిగుతాడు. దిగాక జూలై చివరికల్లా చెయ్యి అలిసిందనో, ఇంటి మీద బెంగనో, వాళ్ల కోచ్ రమ్మన్నాడనో బయల్దేరతాడు, సరిగ్గా నీకు ప్లేఆఫ్స్ ముందు. మన పిల్లల సంగతి వేరు. ఇక్కడ పరీక్షలు ఏప్రిల్‌లో అయిపోతాయి, కెనడియన్ కాలేజ్ బేస్‌బాల్ కాన్ఫరెన్స్ అనే మన కాలేజీల లీగ్ ఆటలు మే నెలలో ముగుస్తాయి, మొదటి ప్రాక్టీసు నుంచి చివరి ఆట దాకా వాళ్లు నీ కళ్ల ముందే ఉంటారు. పైగా సగం మంది సొంత ఇంట్లోనే పడుకుంటారు. బయటి ఆటగాళ్లను వేసవంతా ఇంట్లో ఉంచుకునే బిల్లెట్ కుటుంబాలను వెతకడం ఎంత టెన్షనో ఒక వేసవి చేస్తే నీకే తెలుస్తుంది.

కాబట్టి ఏప్రిల్‌లో వారాంతాలు ఖాళీ పెట్టుకో. లెత్‌బ్రిడ్జ్‌లో ప్రైరీ బేస్‌బాల్ అకాడమీ ఉంది, కాల్గరీ యూనివర్సిటీ డైనోస్ ఉన్నారు, కొండలు దాటితే కామ్లూప్స్‌లో థాంప్సన్ రివర్స్, కెలోనాలో ఒకనాగన్ కాలేజ్, ననైమోలో వాంకూవర్ ఐలండ్ యూనివర్సిటీ. వాంకూవర్‌లోని యూబీసీ (యూనివర్సిటీ ఆఫ్ బ్రిటిష్ కొలంబియా) జట్టయితే ఇక్కడ ఉంటూనే ఏళ్ల తరబడి ఎన్‌ఏఐఏ అనే అమెరికా కాలేజీ సంఘం జట్లతో ఆడింది. జెఫ్ ఫ్రాన్సిస్ అక్కడి నుంచే వెళ్లాడు. ప్రొఫెషనల్ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే 2002 డ్రాఫ్ట్‌లో కొలరాడో రాకీస్ అతన్ని తొమ్మిదో పిక్‌గా తీసుకుంది, 2007 వరల్డ్ సిరీస్ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఫైనల్) మొదటి ఆటలో ఆ జట్టుకి స్టార్టింగ్ పిచర్, అంటే మొదటి నుంచి బంతి వేసినవాడు అతనే. కెనడా కాలేజీల్లో ఏముంటుందిలే అనేవాళ్లకి ఈ పేరు గుర్తు చెయ్యి. ఇక మన ఊళ్లలో పెరిగి అమెరికా జూనియర్ కాలేజీల్లో (మన ఇంటర్ కాదు, అక్కడి రెండేళ్ల డిగ్రీ కాలేజీలు) ఆడుతున్నవాళ్లని మర్చిపోకు. వాళ్ల సీజన్ త్వరగా అయిపోతుంది, వేసవికి ఎలాగూ అమ్మానాన్నల దగ్గరికే వస్తారు. ఆంటారియో యూనివర్సిటీల పిల్లలు మాత్రం సెప్టెంబర్, అక్టోబర్‌లలో ఆడి చలికాలమంతా లోపల నెట్స్‌లోనే ఉంటారు, వాళ్లకి జూన్ దాకా టైమింగ్ దొరకదు, తీసుకుంటే ఓపిక పట్టాలి.

గ్రౌండ్‌కి వెళ్లాక ఏం చూడాలి? క్రికెట్ చూసి పెరిగిన కళ్లు మనవి, చూపు వెంటనే బ్యాటింగ్ యావరేజ్ మీదికి పోతుంది. దాన్ని పక్కన పెట్టు. కాల్గరీ సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల పైన ఉంది, లెత్‌బ్రిడ్జ్ కూడా 900 మీటర్ల పైనే. ఆ పల్చటి గాలిలో బంతి ఎక్కువ దూరం పోతుంది, కర్వ్ బాల్ తక్కువ తిరుగుతుంది, దానికి తోడు కొండల మీంచి దిగే చినూక్ అనే వెచ్చటి గాలి వీచిందంటే మామూలు ఫ్లై బాల్ కంచె దాటుతుంది. అందుకే జేబులో స్టాప్‌వాచ్ పెట్టుకో. కుడిచేతి బ్యాటర్ నేల మీద దొర్లే మామూలు గ్రౌండర్ కొట్టి ఫస్ట్ బేస్‌కి చేరడానికి 4.3 సెకన్లు పడితే ఫర్వాలేదు. వికెట్‌కీపర్‌లా బ్యాటర్ వెనక కూర్చునే క్యాచర్ చేతిలో బంతి పడ్డ క్షణం నుంచి, అతను విసిరింది సెకండ్ బేస్ దగ్గర గ్లవ్‌లో పడే దాకా రెండు సెకన్లయితే చాలా మంచిది. రెండు డిగ్రీల చలిలో, తొమ్మిది పరుగులు వెనకబడి ఉన్నప్పుడు, ఔటవుతానని తెలిసి కూడా బ్యాటర్ ఫస్ట్ బేస్ దాకా ఉన్న 90 అడుగులూ పూర్తిగా పరిగెత్తాడా లేదా చూడు. ఔటై డగౌట్‌లోకి వచ్చి హెల్మెట్ ఎలా పెడతాడో, తర్వాతి ఇన్నింగ్స్‌లో పిచర్‌తో ఏం మాట్లాడతాడో చూడు. మెడిసిన్ హ్యాట్ నుంచి రెజైనా దాదాపు 470 కిలోమీటర్లు. రాత్రి ఆట అయ్యాక ఆ దారిలో బస్సు ఎక్కించాల్సింది ఇలాంటి కుర్రాళ్లనే.

ఇంకో సంగతి, అమెరికా కాలేజీల్లో మెటల్ బ్యాట్, మన లీగ్‌లో కర్ర బ్యాట్. మెటల్‌తో లోపలికి వచ్చిన బంతిని కూడా ఔట్‌ఫీల్డ్‌కి నెట్టేవాడు ఇక్కడ బ్యాట్లు విరగ్గొట్టుకుంటూ ఉంటాడు. ఎవరిని తీసుకున్నా కర్ర బ్యాట్‌తో ప్రాక్టీస్ చేయించి చూశాకే మాటివ్వు.

పిచర్ల దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండు, సమ్మర్ టీమ్ ఏదైనా కుప్పకూలేది అక్కడే. అమెరికాలో ఫిబ్రవరి నుంచి వేస్తున్న స్టార్టర్ నీ దగ్గరికి వచ్చేసరికి బోలెడన్ని ఇన్నింగ్స్ వేసేసి ఉంటాడు, వాళ్ల కోచ్ వారానికి ఇన్నే వెయ్యనివ్వాలని చెప్పి మరీ పంపిస్తాడు, చెప్పడం న్యాయమే. మన పిల్లలకి వసంతం ఆలస్యం, మంచు వల్ల ఆటలు రద్దవుతాయి, కాబట్టి చేతిలో ఇంకా బలం మిగిలి ఉంటుంది. అలాగని వాడిపారెయ్యొద్దు. కాలేజీ కోచ్‌కి ఫోన్ చేసి ఈ సీజన్‌లో ఎన్ని ఇన్నింగ్స్ వేశాడో, ఒక ఆటలో ఎక్కువలో ఎక్కువ ఎన్ని బంతులు వేశాడో, ఎప్పుడైనా మోచెయ్యి నొప్పి అన్నాడో అడిగి రాసుకో. వేసవంతా ప్రతి బంతీ లెక్క రాసి, సెప్టెంబర్‌లో ఆ కాగితం తిరిగి ఆ కోచ్‌కే పంపు. ఒక్క ఏడాది అలా చేశావంటే మరుసటి ఏడాది ఆయనే నీకు ఫోన్ చేసి కుర్రాళ్ల పేర్లు చెబుతాడు. కుర్రాడితో మాట్లాడక ముందే కోచ్‌తో మాట్లాడటం మర్యాద కూడా.

మన పిల్లలతో వచ్చే అసలు ఇబ్బంది డబ్బు. కాలేజీ ఫీజు కట్టుకోవాలంటే వాళ్లకి ఈ నాలుగు నెలల ఉద్యోగమే ఆధారం, మనమేమో రోజూ సాయంత్రం ఆటకి రమ్మంటాం. ఆడాలని ఎంత ఉన్నా ఆడలేక ఆగిపోయేవాళ్లు ఎక్కువగా ఇక్కడే ఆగిపోతారు. మన స్పాన్సర్లలో ట్రాక్టర్ల డీలర్లున్నారు, హార్డ్‌వేర్ షాపులవాళ్లున్నారు. ప్రకటన బోర్డుకి డబ్బు అడిగినప్పుడే ఉదయం ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా పని ఇవ్వగలరా అని కూడా అడుగు. పట్టణ పార్కుల్లో గడ్డి కోసే పని ఉంటుంది, చిన్నపిల్లల బేస్‌బాల్ క్యాంపుల్లో నేర్పే పని ఉంటుంది. ముందు ముందు అమెరికా కాలేజీకి వెళ్లాలనుకునే కుర్రాడైతే చేసిన పనికి అందరికీ ఇచ్చే కూలీనే ఇవ్వాలి, ఆడుతున్నాడని ఎక్కువిస్తే అతని అమెచ్యూర్ హోదాకి, అంటే డబ్బు కోసం ఆడనివాడనే పేరుకి, ఇబ్బంది రావచ్చు. అది కుర్రాడికి, అతని తల్లిదండ్రులకి, పని ఇచ్చే యజమానికి ముందే వివరంగా చెప్పు.

ఒక్క పని మాత్రం నువ్వు చెయ్యకు, నా మాట విను. మే నెలలో ఊరి కుర్రాడిని తాత్కాలికమని తీసుకుని, అతను బాగా ఆడుతున్నా సరే, జూన్‌లో పెద్ద కాలేజీ పేరున్నవాడు దిగగానే పొమ్మనడం చాలా చోట్ల జరుగుతుంది. ఆ పిల్లవాడి మొహం చూడాలి నువ్వు. అప్పటికే వేరే టీముల్లో చోట్లు నిండిపోయి ఉంటాయి, అతని వేసవి మొత్తం పోతుంది. తాత్కాలికం అయితే ఏ తేదీ దాకానో కాగితం మీద రాసివ్వు. రాయలేకపోతే చివరిదాకా ఉంచు.

అమెరికా కుర్రాళ్లు వద్దని నేననడం లేదు. మంచి షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్), ఆఖరి ఇన్నింగ్స్‌లో వచ్చి గట్టిగా వేసే పిచర్, ఈ ఇద్దరూ మన దగ్గర ప్రతి ఏడాదీ దొరకరు, దొరకనప్పుడు బయటి నుంచి తెచ్చుకోవాల్సిందే. క్యాచర్లు మాత్రం ఇద్దరూ ఇక్కడివాళ్లే ఉంటే మంచిది. పిచర్లు వార్మప్ చేసే బుల్‌పెన్‌లో వేసవంతా రోజూ కూర్చునేది వాళ్లే, వాళ్లు మధ్యలో వెళ్లిపోతే పిచర్లందరూ దెబ్బతింటారు.

లీగ్ రూల్ బుక్‌లో కెనడియన్ల సంఖ్య గురించి ఈ ఏడాది ఏం రాశారో ఈలోగా చదివి పెట్టుకో. మొదటి ట్రిప్ లెత్‌బ్రిడ్జ్‌కే వెళ్లు, దగ్గర కదా. రెండు ఆటలూ పూర్తిగా చూసి, క్యాచర్ల పేర్లు, పిచర్ల ఇన్నింగ్స్ రాసుకుని నాకు ఫోన్ చెయ్యి, ఆదివారం సాయంత్రమైతే తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

మీ అన్నయ్య