సెలవుల ప్రయాణాలు: మీరు అడిగారు, మేం చెబుతున్నాం

చిన్నప్పటి సెలవుల గురించి రాయమన్నందుకు ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. మూడింటికి ఇక్కడ జవాబు చెబుతున్నాం, మొదటిదానికి కాస్త ఎక్కువ చోటిచ్చాం.

ప్రశ్న: మా నాన్నగారు స్కూల్ టీచరుగా చేశారు. 1980ల చివర్లో ఒక వేసవిలో మమ్మల్ని విశాఖపట్నం, అక్కణ్ణుంచి రైల్లో అరకు తీసుకెళ్ళారు. ఆ సొరంగాలు, అమ్మ కలిపి తెచ్చిన పులిహోర, జాగ్రత్తగా పట్టుకోమని నా ఒళ్ళో పెట్టిన మరచెంబు, అన్నీ ఇప్పటికీ కళ్ళ ముందే ఉన్నాయి. నాన్నగారికిప్పుడు 78 ఏళ్ళు. ఆయన్నీ, అమ్మనీ, మా పిల్లలిద్దర్నీ (పెద్దదానికి 12, చిన్నాడికి 5) మళ్ళీ అక్కడికే తీసుకెళ్ళాలని ఉంది. కారుండగా రైలెందుకంటాడు అన్నయ్య. ఇప్పటి అరకు చూస్తే నా జ్ఞాపకం కాస్తా చెదిరిపోతుందేమోనని బెంగ. బొర్రా గుహల్లో కాగడా పట్టుకుని చూపించారని నేను, కాదు లైట్లున్నాయని అన్నయ్య, ఇదో తగువు. అసలు అయిదేళ్ళ వాడికి ఇదంతా గుర్తుంటుందా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: వెళ్ళండి. రైల్లోనే వెళ్ళండి, కనీసం పోయేటప్పుడైనా.

అన్నయ్య గారి మాటా కొట్టిపారేసేది కాదు, ఎస్.కోట మీదుగా అనంతగిరి ఘాట్ రోడ్డు చాలా బాగుంటుంది, కాఫీ తోటలు కనిపిస్తాయి, కావలసిన చోట ఆగొచ్చు. కానీ కారులో అందరూ ముందుకే చూస్తూ కూర్చుంటారు, ఆ మలుపులకు పిల్లలు వాంతులు చేసుకుంటారు, నడిపేవాళ్ళకి రోడ్డు తప్ప ఇంకేమీ కనబడదు. రైల్లో తాతగారు, మనవలు ఎదురెదురుగా కూర్చుంటారు. పైగా నాలుగు గంటల దాకా ఎవరికీ ఇంకో పనుండదు. మీ నాన్నగారు ఆ రోజు మీకిచ్చింది కూడా ఆ నాలుగు గంటలే.

ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు తేవడానికి 1960లలో వేసిన లైను ఇది. సరుకు కోసం వేసిన దారి, మనుషులు దాని మీద సంబరంగా ప్రయాణం చేస్తున్నారు! అరకు మీదుగా పోయే కిరండూల్ ప్యాసింజరు విశాఖలో పొద్దున ఏడు లోపే బయల్దేరుతుంది కాబట్టి ముందు రాత్రి విశాఖలోనే ఉండండి. కొత్తవలస దాటాక కొండలు మొదలవుతాయి, పోయేటప్పుడు కుడివైపు కిటికీ దొరికితే లోయలన్నీ అటే ఎక్కువ కనిపిస్తాయి. దారిలో యాభైకి పైగా సొరంగాలు. మీరు చిన్నప్పుడు అరిచినట్టే ఇప్పుడూ పెట్టె పెట్టంతా సొరంగం రాగానే అరుస్తుంది, ఆ అలవాటు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఎదురుగా ఇనుప రాయి గూడ్సు వస్తుంటే చిన్న స్టేషన్లో బండి ఆపేస్తారు, పిల్లలు ఆ వ్యాగన్లు లెక్కపెడుతూ ఎక్కడో తప్పి మళ్ళీ మొదటి నుంచి లెక్కపెడతారు. బొర్రా గుహలు దాటాక వచ్చే శిమిలిగుడ స్టేషను సముద్రమట్టానికి వెయ్యి మీటర్లకు అటూ ఇటుగా ఉంటుంది, చల్లగాలి తగిలేది అక్కడే.

2017 నుంచి ఈ దారిలో పైకప్పుకి కూడా అద్దాలున్న విస్టాడోమ్ పెట్టె నడుస్తోంది, కుర్చీలు ఏ వైపుకైనా తిప్పుకోవచ్చు. పెద్దవాళ్ళకి నడుం నొప్పి ఉంటే దానికే టికెట్లు తీసుకోండి, ముందుగా చేయించుకోకపోతే దొరకడం కష్టం. కానీ కిటికీలోంచి చెయ్యి చాపి పనస తొనలు కొనుక్కోవడం ఆ ఏసీ పెట్టెలో కుదరదు, అది కావాలంటే మామూలు పెట్టే ఎక్కాలి. ఒకవైపు అదీ, ఒకవైపు ఇదీ చూసుకుంటే ఇంకా మంచిది. వర్షాలు గట్టిగా పడే రోజుల్లో ఈ లైను మీద కొండచరియలు పడి బళ్ళు రద్దవుతుంటాయి, అది కూడా గుర్తు పెట్టుకోండి. నాన్నగారిని మాత్రం బొర్రా గుహల్లో చివరిదాకా దింపకండి, మెట్లు చాలా ఉన్నాయి, తడిగా జారతాయి. పైన ఆయన దగ్గర ఎవరో ఒకరు కూర్చోవాలి, కోతులుంటాయి, తినేవి చేతిలో పెట్టుకోకుండా.

అరకు మారింది, నిజమే. హోటళ్ళు పెరిగాయి, శీతాకాలం శని ఆదివారాల్లో కాలు పెట్టే చోటుండదు, బొంగులో చికెన్ బళ్ళు వరసగా ఉంటాయి. అయినా మీ బెంగకు కారణం లేదనే నా నమ్మకం. ఎందుకంటే మీకు గుర్తున్నది ఊరు కాదు కదా. మీ ఉత్తరం మళ్ళీ చదువుకోండి: సొరంగాలు, పులిహోర, మరచెంబు. అరకులో ఏం చూశారో ఒక్క ముక్క రాయలేదు! మర బిగించిన ఆ మూత సందులోంచి కారిన నీళ్ళకు పరికిణీ తడిసిపోయినా, అప్పగించిన చెంబు వదలకుండా పట్టుకుని ఉంటారు మీరు. పిల్లలకి చేతికి ఒక పని అప్పగిస్తే ఆ రోజు వాళ్ళదైపోతుంది. మీ చిన్నాడికీ ఏదో ఒకటి అప్పగించండి, టికెట్లైనా సరే.

ఇక వాడికి గుర్తుంటుందా అన్నది. మూడు, మూడున్నరేళ్ళ లోపు జరిగినవి మామూలుగా ఎవరికీ పెద్దయ్యాక గుర్తుండవు, అయిదేళ్ళ వాడికి కొన్ని నిలుస్తాయి. ఎన్ని నిలుస్తాయన్నది మాత్రం తిరిగొచ్చాక ఇంట్లో జరిగే కబుర్ల మీద చాలా ఆధారపడుతుంది. రాబిన్ ఫైవష్, ఎలేన్ రీస్ లాంటి మనస్తత్వ శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి పరిశీలించింది దీన్నే: "ఆ రోజు గుహలోకి వెళ్ళాం కదా, అక్కడ ఏం కనబడింది? నీకు భయమేసిందా? అప్పుడు తాత ఏమన్నాడు?" అని వివరంగా అడుగుతూ, వాడు చెప్పినదానికి ఇంకో ముక్క కలుపుతూ మాట్లాడే తల్లిదండ్రుల పిల్లలు జరిగినవాటిని ఎక్కువ వివరంగా గుర్తు చేసుకుని చెప్పగలుగుతారు. మీ ఇంట్లోనూ ఇదే జరిగి ఉంటుంది. ఎన్ని సంక్రాంతులకు ఎన్నిసార్లు మీ నాన్నగారు ఆ అరకు కథ చెప్పి ఉంటారో ఒక్కసారి ఆలోచించండి.

కాగడా తగువు కూడా అందులో భాగమే. ఆ రోజుల్లో బొర్రా చూసినవాళ్ళు చాలామంది కాగడాల సంగతే చెబుతారు కాబట్టి నేను మీ వైపే మొగ్గుతాను, ఇప్పుడైతే రంగురంగుల లైట్లున్నాయి. కానీ తీర్పు నన్ను చెప్పమనకండి, రైల్లో నాన్నగారిని అడగండి. ఆయన చెబుతుంటే ఫోన్లో రికార్డు చేయండి. ఎవరు గెలిచారన్నది పక్కన పెట్టి ఆయన్ని పూర్తిగా చెప్పనివ్వండి, జీతంలో ఎంత దాచి ఆ ప్రయాణం పెట్టుకున్నారో, దారిలో ఆయనెంత టెన్షన్ పడాల్సి వచ్చిందో అన్నయ్యకీ మీకూ అప్పుడు తెలిసి ఉండదు.

ప్రశ్న: మా ఆఫీసులో అందరూ ఊటీ, కొడైకెనాల్ అని చిన్నప్పటి సంగతులు చెబుతుంటారు. మా బాపు మమ్మల్ని ఏ ఊటీకీ తీసుకపోలేదు. ఎండాకాలం వస్తే వేములవాడ, కొండగట్టు, ధర్మపురి, అంతే. నా పిల్లలకు చెప్పుకోవడానికి ఏమున్నది?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: చాలా ఉందండీ! ఎర్రబస్సులో గిన్నెలు, బియ్యం మూట వేసుకుని ఇంటిల్లిపాదీ బయల్దేరి, వేములవాడ ధర్మగుండంలో స్నానం చేసి, కోడె మొక్కు తీర్చుకునేటప్పుడు ఆ కోడె తాడు కాసేపు మీ చేతికిచ్చి ఉంటారు. కొండగట్టు అంజన్న దగ్గర చెట్ల కింద మూడు రాళ్ళ పొయ్యి, పొగకి కళ్ళు నలుపుకుంటూ వండిన అన్నం, ధర్మపురిలో గోదావరి. వేములవాడ రాజన్న దగ్గర రాత్రి నిద్ర చేసి ఉంటే చిన్నాయన పిల్లలతో కలిసి ఒకే జంపకానా మీద పడుకుని ఉంటారు. ఊటీకి వెళ్ళినవాళ్ళు అమ్మానాన్నలతో మాత్రమే వెళ్ళారు, మీరు వంశమంతటితో వెళ్ళారు. తక్కువని ఎందుకనుకోవాలి? మీ పిల్లల్ని అదే వరసలో, అదే బస్సుల్లో ఒకసారి తిప్పండి, బాపు ఎక్కడ పొయ్యి పెట్టేవాడో ఆ చెట్టు చూపించండి.

ప్రశ్న: మా నాన్న రామేశ్వరం తీసుకెళ్తూ, అదే టికెట్టు మీద మద్రాసులో దిగి రెండు రోజులు బీచ్, మ్యూజియం చూపించి మళ్ళీ రైలెక్కించారు. ఇదెలా సాధ్యమని మా అబ్బాయి నమ్మడం లేదు.
– ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: మీ నాన్నగారికి రైల్వే నిబంధనలు బాగా తెలుసు. దాన్ని బ్రేక్ జర్నీ అంటారు. 500 కిలోమీటర్లు దాటిన టికెట్టు మీద, మొదటి 500 కిలోమీటర్లు అయ్యాక, దారిలో దిగొచ్చు. 1000 కిలోమీటర్ల వరకు ఒకసారి, అంతకు మించితే రెండుసార్లు. దిగిన రోజూ, ఎక్కే రోజూ వదిలేస్తే రెండు రోజుల వరకు ఉండొచ్చు, ఆ స్టేషన్లో టికెట్టు మీద రాయించుకోవాలి. రాజమండ్రి నుంచి చెన్నై 500 దాటుతుంది కాబట్టి ఆయన లెక్క సరిగ్గా సరిపోయింది. రాజధాని లాంటి బళ్ళకు ఇది వర్తించదు. బెర్తు కావాలంటే ఎక్కడెక్కడ దిగుతారో రిజర్వేషను చేయించేటప్పుడే చెప్పాలి.

ఇంకా ఎక్కువ ఊళ్ళు తిరగాలంటే సర్క్యులర్ టికెట్టు ఉంది, బయల్దేరిన స్టేషనుకే తిరిగి రావాలి, మధ్యలో ఎనిమిది చోట్ల దాకా దిగొచ్చు. మొత్తం దూరానికి కలిపి ఛార్జీ లెక్క కట్టడంతో విడివిడిగా కొన్నదానికంటే తక్కువ పడుతుంది. మీరు వెళ్ళాలనుకున్న ఊళ్ళు వరసగా ఒక కాగితం మీద రాసుకుని పెద్ద స్టేషన్లో అడగండి. పాంబన్ దగ్గర 1914 నాటి వంతెన బదులు 2025లో కొత్తది తెరిచారు, మీ అబ్బాయిని దాని మీద నుంచే రామేశ్వరం తీసుకెళ్ళొచ్చు.