మొదటి జీతం విందుకి హోటల్ వెతుకుతున్న మేనకోడలికి

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవి స్రవంతికి,

మావయ్య ఆశీస్సులు. మొదటి జీతం చేతికి రాగానే ఆఫీసులో పన్నెండు మందిని బార్బిక్యూకి తీసుకెళ్తానన్నావట. అందుకోసం బెజవాడంతా తిరిగి హోటల్ కూడా నువ్వే వెతుకుతావట. మీ అమ్మ ఫోన్లో చెప్పిన దగ్గర్నుంచి ఒక పక్క గర్వంగా ఉంది, ఇంకో పక్క గుబులుగా ఉంది. పన్నెండు మంది నీ మాట మీద వచ్చి కూర్చుంటారు. వాళ్లలో ఏ ఒక్కరికి కడుపులో తేడా చేసినా మాట పడేది నువ్వే. ఫోన్లో చెబితే సగం విని "సరే మావయ్యా" అంటావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

ముందు నీకు కావలసింది కబుర్లా, మాంసమా తేల్చుకో. టేబుల్ మధ్యలో కుంపటి పెట్టి ఊచలు తెచ్చి గుచ్చే బఫే హోటళ్లు కబుర్లకి బాగుంటాయి. ఆ కుంపటి మీద పచ్చి ముక్క ఉడుకుతుందని అనుకోకు. లోపల వంటింట్లో కాల్చి తెచ్చిన ముక్కలు చల్లారకుండా ఉంచడం వరకే దాని పని. శాకాహారులు ఎక్కువగా ఉంటే అక్కడికే వెళ్లు. అసలైన రుచి కావాలంటే మాత్రం తందూరీ భట్టీ ఉన్న హోటలుకో, అల్ ఫహమ్ అనే అరబ్బుల తరహా కోడిని బొగ్గుల మీద కాల్చే మండీ హోటలుకో వెళ్లాలి. రోడ్డు పక్క బండ్ల మీద కూడా చేయి తిరిగినవాళ్లు ఉంటారు, కానీ పన్నెండు మందిని బండి దగ్గర నిలబెట్టి పెట్టే విందు కాదు ఇది.

ఫోన్లో స్టార్లు చూసి మోసపోకు. కొత్త అభిప్రాయాలు ముందు వచ్చేలా పెట్టుకుని, తిన్నవాళ్లు తీసిన ఫొటోలు చూడు. హోటలు వాళ్లు పెట్టిన ఫొటోలు వదిలెయ్. గల్లా పెట్టె దగ్గర ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, అంటే కేంద్ర ఆహార భద్రత సంస్థ లైసెన్సు ఉంటుంది, 14 అంకెల నంబరు. అది కనబడకపోతే మెనూ తెరవకుండానే లేచి వచ్చెయ్.

లోపలికి వెళ్లగానే పొయ్యి కనబడే చోట కూర్చో. పొయ్యిని అద్దం వెనకో గుమ్మం పక్కనో పెట్టిన హోటలుకి దాచుకోవాల్సింది తక్కువ. బొగ్గుల మీద తెల్లటి బూడిద పొర పట్టి, లోపల ఎర్రగా కణకణలాడుతూ ఉండాలి. దట్టమైన తెల్ల పొగ లేస్తుంటే బొగ్గు ఇంకా రాజుకోలేదన్న మాట. ఆ పొగ పట్టిన మాంసం చేదెక్కుతుంది. కిరోసిన్ వాసన వచ్చినా, రంగులేసిన పాత చెక్కలు పొయ్యిలోకి పోతున్నా అక్కడ తినకు. తుమ్మ బొగ్గుది, సరుగుడు బొగ్గుది నిలకడైన వేడి. మాంసంలోంచి కరిగిన కొవ్వు ఆ నిప్పుల మీద చుక్కచుక్కగా పడి లేచే పల్చటి పొగే మనం డబ్బులిచ్చి తినే రుచి. గ్యాసు మీద కాల్చి పైన నిమ్మకాయ, చాట్ మసాలా దండిగా చల్లితే అది రాదు. పైగా ఆ నిమ్మకాయ పాత మాంసం వాసనని కూడా దాచేస్తుంది. అందుకే నిమ్మరసం పిండకముందే ముక్కని ఒకసారి వాసన చూడు.

ఇక రంగు. మిర్చి యార్డు ఉన్న ఊళ్లో పుట్టినదానివి, కారం రంగేదో నీకు ఇంకొకరు చెప్పాలా? తేజ మిర్చి ఘాటుకి, బ్యాడిగి, కాశ్మీరీ మిర్చి రంగుకి. ఏ మిర్చి అయినా నిప్పు తగిలాక ముదురు ఇటుక రంగుకి తిరుగుతుంది, అంచులు నల్లబడతాయి. గాట్ల లోపలి దాకా ఒకటే నారింజ ఎరుపు మెరుస్తుంటే, ఉల్లిపాయ ముక్కలకీ నీ వేళ్లకీ అంటుకుంటుంటే, అది పొడి రంగు. అనుమానమొస్తే చిన్న ముక్కని గ్లాసు నీళ్లలో వెయ్. మిర్చి రంగు నూనెలో కలిసేది కాబట్టి నూనెతో పాటు పైన తేలుతుంది. నీళ్లు నీళ్లే ఎర్రబడితే రంగు కలిపినట్టు. కర్ణాటక ప్రభుత్వం 2024 జూన్‌లో చికెన్, చేప కబాబుల్లో కృత్రిమ రంగుల్ని నిషేధించింది. మన దగ్గర అడిగేవాడు వచ్చేదాకా ఆగక్కర్లేదు, ఆర్డరిచ్చేటప్పుడే "రంగు వెయ్యకుండా చేస్తారా?" అని నువ్వే అడుగు. ఆ ప్రశ్నకి విసుక్కునే హోటలు నీకు వద్దు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మాత్రం రెండుసార్లు చదువు.

నువ్వు డిగ్రీలో ఉండగా లెగ్ పీసు తిని ఆస్పత్రి పాలయ్యావు గుర్తుందా? "వేడివేడిగా నా కళ్ల ముందే కాల్చి ఇచ్చాడు మావయ్యా, పాతది కాదు" అని సెలైన్ ఎక్కుతున్నా వాదించావు. నీ తప్పు అక్కడే ఉందమ్మా. కళ్ల ముందు కాల్చింది రెండో కాల్పు. మొదటి కాల్పు ఎప్పుడైందో, ఆ మధ్యలో అది ఎక్కడ ఉందో నువ్వు అడగలేదు.

తందూరీ చేసే చోటల్లా హాఫ్ కుక్ చేస్తారు. అందులో తప్పేమీ లేదు. పచ్చి జాయింటు, అంటే తొడా కాలూ కలిసిన ముక్క, భట్టీలో పూర్తిగా కాలడానికి పావుగంట పైనే పడుతుంది, సాయంత్రం గిరాకీలో అంతసేపు ఎవరూ ఆగరు. అందుకని మధ్యాహ్నమే ముప్పాతిక వంతు కాల్చి, నీరూ కొవ్వూ కారిపోయేదాకా ఊచలకి వేలాడదీసి, ఆర్డరొచ్చాక మళ్లీ అయిదు నిమిషాలు కాల్చి ఇస్తారు. పద్ధతైన వంట మాస్టరు ఆ కారడం అవ్వగానే ముక్కల్ని మూతపెట్టి ఫ్రిజ్‌లో, 5 డిగ్రీల లోపు పెడతాడు. పద్ధతి లేనివాడు భట్టీ పక్కనే ఊచలకే వదిలేస్తాడు. మధ్యాహ్నం రెండింటికి వేలాడదీసింది రాత్రి తొమ్మిదికి నీ ప్లేటులోకి వస్తుంది. 5 డిగ్రీలకీ 60 డిగ్రీలకీ మధ్య ఉన్న వేడిలోనే సూక్ష్మజీవులు జోరుగా పెరుగుతాయి. అనువుగా ఉంటే ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. బెజవాడ ఎండల్లో, అదీ భట్టీ పక్కన, అంతకంటే అనువైన చోటు ఇంకెక్కడుంటుంది? సగం కాలిన మాంసం పచ్చిదాని కంటే ప్రమాదం. పచ్చిదైతే దాన్ని పూర్తిగా కాల్చాల్సిందేనని అందరికీ తెలుసు. సగం కాలినదాన్ని "అయిపోయిందిలే, వేడి చేస్తే చాలు" అనుకుంటారు.

"మళ్లీ నిప్పుల మీద పెడితే చచ్చిపోవా?" అని నువ్వు అప్పుడూ అడిగావు. క్రిములు చస్తాయి. కానీ స్టెఫిలోకాకస్ లాంటివి అంతలోపే మాంసంలోకి విషం వదులుతాయి, ఆ విషం కాల్చినా పోదు. తిన్న అరగంట నుంచి ఏడెనిమిది గంటల్లోపు వాంతులు మొదలైతే చాలాసార్లు దాని పనే. సాల్మొనెల్లా అయితే ఆరు గంటల నుంచి మూడు రోజుల దాకా ఎప్పుడైనా బయటపడొచ్చు. అందుకే జనం ఆదివారం తిన్న కబాబుని వదిలేసి సోమవారం తిన్న ఇడ్లీని తిడుతుంటారు.

కాబట్టి గడియారం చూసుకో. ఆర్డరిచ్చాక జాయింటు అయిదారు నిమిషాల్లో వచ్చిందంటే హాఫ్ కుక్‌దే. రావడం తప్పు కాదు. "ముందు కాల్చినవి ఎక్కడ పెడతారన్నా?" అని మర్యాదగా అడుగు. ఫ్రిజ్ చూపిస్తే సంతోషం. ఊచలు చూపిస్తే నీళ్లు కూడా తాగకుండా లే. ఇరవై నిమిషాలు పడుతుందని ముందే చెప్పే హోటలైతే సంతోషంగా ఆగు. ఆకలేస్తోందని విసుక్కోకు, చిన్నప్పటి నుంచీ నీకు ఆ అలవాటుంది.

ఇంకొకటి కూడా ఊచల దగ్గరే జరుగుతుంది. పచ్చి ముక్కలు పట్టిన పట్టకారతోనే కాలిన ముక్కలు తీస్తారు. పచ్చి మసాలాలో ముంచిన బ్రష్షునే ఆఖర్న వెన్నలో ముంచి రాస్తారు. రెండింటికీ వేరు వేరు ఉన్నాయో లేదో దూరం నుంచి ఒక్క నిమిషం చూస్తే తెలుస్తుంది.

లెగ్ పీసు ప్లేటులోకి వచ్చాక తొడా కాలూ కలిసే కీలు దగ్గర విరువు. కీలు తేలిగ్గా ఊడాలి, కారే రసం తేటగా ఉండాలి, మాంసం ఎముకని వదలాలి. ఎముకని ఆనుకుని కాస్త ఎర్రగా కనబడినంత మాత్రాన కంగారుపడకు. లేత బ్రాయిలర్‌లో మూలుగ రంగు బయటికి ఊరుతుంది. మాంసం గాజులా నిగనిగలాడుతూ, జిగటగా ఎముకని పట్టుకుని సాగితే మాత్రం అది ఉడకలేదు, లోపల 74 డిగ్రీలు తగల్లేదు. వెనక్కి పంపించు, మొహమాటపడకు. తోలు తీశాక 800 గ్రాముల నుంచి కిలో లోపు తూగే కోడే తందూరీకి సరైనది. తొడ అరచేతి కంటే పెద్దగా ఉందని మురిసిపోకు, పైన మాడేదాకా అలాంటిదానికి లోపల వేడి తగలదు. నోట్లో పెట్టుకోగానే పిండిలా రాలిపోతే పచ్చి బొప్పాయి ఎక్కువేసి ఎక్కువసేపు ఊరబెట్టారు. దాన్ని మెత్తదనం అనుకుని మెచ్చుకోకు. సీకు కబాబు కైమాతో చేసేది, లోపలి దాకా పూర్తిగా ఉడకాల్సిందే. చేపైతే పండుగప్పో కొరమేనో కాల్చకముందు చూపించమను.

పుదీనా చట్నీ చల్లగా ఉంటేనే తిను. మయోనీజ్ పచ్చిగుడ్డుతో చేసిందైతే ముట్టుకోకు. తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరులో పచ్చిగుడ్డు మయోనీజ్‌ని ఊరికే నిషేధించలేదు.

వెతకడం ఎలాగంటావా, మొదట నువ్వూ ఇంకొకరూ మాత్రమే వెళ్లండి. మామూలు రోజు ఏడున్నరకి వెళ్తే పొయ్యి వేడిగా ఉంటుంది, జనం తక్కువ ఉంటారు, మాస్టరు మాట్లాడతాడు. హాఫ్ తందూరీ, ఒక పనీర్ టిక్కా, ఒక రోటీ చాలు. మలై, రేష్మీ లాంటివి మొదటిసారి తెప్పించకు, క్రీము కింద ఏ తప్పయినా దాక్కుంటుంది. నచ్చిన చోటుకి ఇంకో వారం ఆదివారం రాత్రి రద్దీలో వెళ్లు. ఖాళీ రోజు బాగా చేసి రద్దీలో చెడగొట్టేవాళ్లే ఎక్కువ, నీ విందు జరిగేది రద్దీలోనే. సోమవారం వద్దు, ఆదివారం మిగిలిన సరుకు ముందు ఖర్చు పెడతారు. కార్తీక మాసంలో అయితే మరీ జాగ్రత్త. సగం ఊరు మాంసం మానేస్తుంది, గిరాకీ పడిపోతుంది, ఫ్రిజ్‌లో సరుకు పేరుకుంటుంది. దసరా రోజుల్లో దుర్గమ్మ కొండకి వచ్చే జనంతో రోడ్లు కదలవు, ఆ వారం పెట్టుకోకు. రంజాన్ నెలలో రాత్రిపూట వన్‌టౌన్ పంజా సెంటర్ వైపు వెళ్తే సరుకు ఎప్పటికప్పుడు అమ్ముడైపోతుంటుంది, తాజాది దొరుకుతుంది. కానీ అంతమందికి కూర్చునే చోటు దొరకదు.

శనివారం తినని వాళ్లెవరో, అసలు తినని వాళ్లెవరో ముందే అడిగి రాసుకో. పనీరూ పుట్టగొడుగులూ వేరే ఊచల మీద, వేరే బ్రష్షుతో చేస్తారా అని కనుక్కో. వాళ్లు అడగడానికి మొహమాటపడతారు, నువ్వే అడగాలి.

పన్నెండు మందిలో ముగ్గురు శాకాహారులనుకుందాం. తొమ్మిది మందికి తర్వాత బిర్యానీ ఉంటే మూడు ఫుల్ తందూరీలు, రెండు ప్లేట్ల చేప, శాకాహారులకి రెండు పనీర్, ఒక పుట్టగొడుగులు సరిపోతాయి. అన్నీ ఒకేసారి చెప్పకు. కాల్చిన మాంసం చల్లారితే చెప్పులా బిగుస్తుంది. ముందు సగం చెప్పు, ప్లేట్లు ఖాళీ అవుతుండగా మిగతా సగం చెప్పు. బఫే అయితే తలకి ఎంతో పన్నులు కలిపి అడుగు, మామూలు రోజుకీ వారాంతానికీ రేటు తేడా ఉంటుంది.

బిల్లు వచ్చాక సర్వీస్ ఛార్జ్ అని ఉందేమో చూడు. అది తప్పనిసరి చేయకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2022 జూలైలోనే చెప్పింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో దాన్ని సమర్థించింది. తీసేయమంటే తీసేయాలి. లేదంటే 1915కి ఫోన్ చెయ్యి. మామూలు రెస్టారెంటులో జీఎస్టీ 5 శాతం, అది కట్టాల్సిందే. వడ్డించిన కుర్రాడు బాగా చూసుకుంటే వాడి చేతికే ఇవ్వు.

నీ జీతం నీ ఇష్టం, ఎంత ఖర్చు పెట్టినా నేనేమీ అనను. మొదటి జీతంతో నలుగురికీ పెట్టాలనుకున్నావు చూడు, అందులో మా అక్క పెంపకం కనబడింది. కానీ విందు అయ్యాక పదకొండింటికి వారధి మీదుగా స్కూటీ మీద గుంటూరు బయల్దేరతానంటే మాత్రం ఊరుకోను. ఆ రాత్రికి హాస్టల్లోనే పడుకుని పొద్దున్నే బస్సెక్కు. రెండు మూడు హోటళ్లు చూశాక, అడ్వాన్సు ఇచ్చే ముందు నాకు ఫోన్ చెయ్యి. ఫ్రిజ్ చూశావా లేదా అన్నదే మొదట అడుగుతాను.

ఇట్లు,
మీ మావయ్య