స్టాటిస్టిక్స్ ఎమ్మెస్సీ చేసి కిడ్నీ జబ్బుల పరిశోధనలోకి వెళ్లొచ్చా? ఆర్, పైథాన్, మెషిన్ లెర్నింగ్ వస్తే సరిపోతుందా?

వెళ్లొచ్చు. నేను వెళ్లాను, పదిహేనేళ్లుగా అందులోనే ఉన్నాను. మా మేనమామ మాత్రం ఇప్పటికీ పెళ్లిళ్లలో నన్ను "కిడ్నీ డాక్టరు" అనే పరిచయం చేస్తాడు. వెంటనే ఎవరో ఒకరు ఫోన్లో క్రియాటినిన్ రిపోర్టు తీసి చూపిస్తారు, నేను డాక్టర్ని కాదండీ అని చెప్పుకునేసరికి బంతి లేచిపోతుంది.

ఇక రెండో ప్రశ్న. కోడింగ్ ఆరు నెలల్లో వస్తుంది, దానికి టెన్షన్ పడకండి. త్వరగా రానిది ఒకటుంది, ఏది ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది అనే అనుమానం. దేనివల్ల ఏది జరిగిందో తేల్చే విద్యకి కాజల్ (causal) ఇన్‌ఫరెన్స్ అని పెద్ద పేరు పెట్టారు గానీ అందులో ముప్పాతిక వంతు ఈ అనుమానమే. నాకు అది ఏ క్లాసులోనూ రాలేదు, శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒకావిడ నేర్పింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో మా బృందం కవిటి, సోంపేట వైపు ఊళ్లలో ఒక చిన్న సర్వే చేసింది. కొబ్బరి తోటలు, జీడి తోటలు, చూడ్డానికి కోనసీమలాగే ఉంటుంది, తీరా ఊళ్లోకి వెళ్తే వీధికి నలుగురు డయాలసిస్ వాళ్లు. షుగరూ బీపీ లేనివాళ్లకి కూడా కిడ్నీలు పోతాయి అక్కడ. నీళ్లలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో పని, నొప్పి మాత్రలు అన్నారు, కారణం ఇదీ అని గట్టిగా తేలలేదు. సరే, మా డేటాలో ఏమొచ్చిందంటే, టిన్ను నీళ్లు కొనుక్కునే ఇళ్లలో జబ్బు ఎక్కువ, నూతి నీళ్లు తాగే ఇళ్లలో తక్కువ! వయసు, ఆదాయం, పొలం పని అన్నీ రిగ్రెషన్‌లో, అంటే వాటి ప్రభావాన్ని పక్కకి తీసి చూసే లెక్కలో, వేశాను, తేడా పోలేదు. ఇది కాకతాళీయం కాదేమో అని సూచించే పి-వాల్యూ అనే అంకె చూసి మా సీనియర్ ముఖం వెలిగిపోయింది. ప్లాస్టిక్ డబ్బాల మీద ఒక స్లైడ్ కూడా తయారుచేశాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఖాళీగా వదిలేసిన ఫారాలు నింపడానికి మళ్లీ ఊరికి పంపితే వెళ్లాను. ఒకింటి అరుగు మీద ఆవిడ జీడిపిక్కలు కొడుతోంది, జీడికి వేళ్లన్నీ నల్లబడి ఉన్నాయి. ఏ నీళ్లు తాగుతారమ్మా అన్నాను. వెనకాల ఉన్న నీలం టిన్ను చూపించింది. ఎప్పటినుంచి అని ఫారంలో లేదు, ఊరికే మాటకి అడిగాను. "అదేటి బాబూ అలాగడుగుతావు, మా ఇంటాయనకి క్రియేటిన్ పెరిగినాదని చెప్పినాకే కదా టిన్ను కొన్నాం, అంతకు ముందు నూతి నీరే."

అంతే, మా పేపర్ అక్కడే పోయింది. జబ్బు వచ్చాక నీళ్లు మారాయి, మేం నీళ్ల వల్ల జబ్బొచ్చిందని లెక్కలు కడుతున్నాం. మొత్తం ఫారంలో "ఎప్పటినుంచి" అనే ఒక్క మాట లేకపోవడం వల్ల.

పల్లెటూరి సర్వే కాబట్టి ఇలా జరిగిందనుకోకండి. డయాలసిస్ పేషెంట్లలో హిమోగ్లోబిన్ ఎక్కువున్నవాళ్లు ఎక్కువకాలం బతుకుతున్నారని అమెరికా డేటాలు ఏళ్లతరబడి చెప్పాయి. ఇంకేం, రక్తం పెరగడానికిచ్చే ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్లు పెంచి హిమోగ్లోబిన్ లేపితే సరిపోతుందనుకున్నారు. 2006లో డయాలసిస్ దాకా రాని 1,432 మంది కిడ్నీ పేషెంట్ల మీద లాటరీ పద్ధతిలో ట్రయల్ చేస్తే, హిమోగ్లోబిన్ 13.5 లక్ష్యంగా పెట్టిన వైపే, 11.3 పెట్టిన వైపు కన్నా మరణాలు, గుండె జబ్బులు కలిపి ఎక్కువ తేలాయి. 2009లో ఇంకో పెద్ద ట్రయల్‌లో ఇంజెక్షన్ ఇచ్చిన వైపు పక్షవాతం దాదాపు రెట్టింపు. ఒంట్లో సత్తువ ఉన్నవాడికి హిమోగ్లోబిన్ దానంతటదే బాగుంటుంది, వాడు బతికింది ఆ అంకె వల్ల కాదు. పైగా ఇక్కడ హిమోగ్లోబిన్ చూసి డోసు మారుస్తారు, డోసు వల్ల మళ్లీ హిమోగ్లోబిన్ మారుతుంది. మామూలు రిగ్రెషన్‌లో హిమోగ్లోబిన్‌ని ఉంచినా తప్పే, తీసినా తప్పే. ఈ ముడి విప్పే దారి అమెరికా పరిశోధకుడు జేమ్స్ రాబిన్స్ 1986లోనే చూపించాడు. మన కుర్రాళ్లు మాత్రం డేటా రాగానే ఎక్స్‌జీబూస్ట్ అనే మెషిన్ లెర్నింగ్ ప్రోగ్రాంలో పడేసి 94 శాతం యాక్యురసీ అంటారు. దేనికయ్యా ఆ యాక్యురసీ, మందు ఆపాలా పెంచాలా అంటే అది చెప్పదు కదా!

ఇంకో బాధ. 2023 డిసెంబర్‌లో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, హిరమండలం రిజర్వాయరు నుంచి ఉద్దానానికి మంచినీటి పథకం ప్రారంభించారు. మంచిదే. కానీ రెండేళ్లు కాకముందే జబ్బు తగ్గిందనో తగ్గలేదనో వాట్సాప్‌లో తేల్చేశారు. కిడ్నీ ఏళ్ల తరబడి లోలోపల పాడవుతుంది, ఈరోజు డయాలసిస్‌కి వచ్చినవాడు ఎప్పుడో తాగిన నీళ్ల లెక్క అది, ఒకవేళ నీళ్లే అయితే.

స్టాటిస్టిక్స్‌లోకి ఎవరూ కావాలని రారంటారు. ప్రపంచ ప్రసిద్ధ స్టాటిస్టీషియన్ సి.ఆర్. రావు గారంతటివాడే ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివి, ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లి, అది దొరక్క ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. మీరు ముందే అడిగి వస్తున్నారు, నయమే. చేరితే మొదటి నెల కంప్యూటర్ ముందు కాకుండా డయాలసిస్ వార్డులో కూర్చోనివ్వమని అడగండి, ఎవరూ పంపరు, అయినా అడగండి. జీతాల సంగతి ఇంకెవరైనా చెప్తే బాగుంటుంది, ఆ విషయంలో నాకు మా ఇంట్లోనే మంచి పేరు లేదు.