నీ ఒక్కదానికి సరిపడే అనాస తీపి

చిరంజీవి అమ్మలుకు,

ఒడిశాలోని గుణుపురంలో గది దొరికిందని, అందులో మైక్రోవేవ్ కూడా ఉందని మీ అమ్మ చెప్పింది. రాత్రి తీపి తినాలనిపించినా, ఒక్కదాని కోసం ఏం చేసుకుంటానులే అని ఊరుకుంటున్నావట. అలా ఊరుకోకు తల్లీ. నీ కోసం నువ్వు వండుకోవడం కూడా వంటే. పైగా పండుతో చేసే తీపికి పది నిమిషాలు పట్టదు.

వానలు మొదలయ్యాక సీతంపేట కొండల అనాసలు ఇటు పర్లాకిమిడి వైపు వస్తాయి కదా, వాటితో మొదలుపెట్టు. వాసన చూసి కొను. అడుగున తియ్యని వాసన రాని పండు ఎంత పసుపుపచ్చగా నిగనిగలాడినా వద్దు. కళ్లు లోతుగా తీసి, నడిమి గట్టి భాగం వదిలేసి, చిన్న ముక్కలు ఒక కప్పు కోసుకో. చెంచాడు బెల్లం తురుము, కాస్త ఏలకుల పొడి, చిటికెడు ఉప్పు కలుపు. ఉప్పెందుకని మానకు, తీపి బాగా తెలిసేది దానివల్లే. నీళ్లు మాత్రం చుక్క కూడా పోయవద్దు. పండులో ఉన్నవే ఎక్కువ.

ఇక్కడ ఒక సంగతి తెలుసుకోవాలి. మైక్రోవేవ్ ముఖ్యంగా పండులోని నీటినే వేడెక్కిస్తుంది. తడి ఉన్నంతసేపు ముక్క 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది కాబట్టి ఏదీ ఎర్రగా వేగదు. ఛెనాతో, అంటే పాల విరుగుడుతో, కాల్చి చేసే ఒడియా తీపి ఛెనాపోడ అంచున ఉండే ఆ గోధుమరంగు, ఆ కమ్మని మాడువాసన ఇందులో రావు. వస్తాయేమోనని ఇంకో నిమిషం, ఇంకో నిమిషం పెంచుకుంటూ పోతే ముక్కలు పీచుగా మిగులుతాయి. కరకరలాడేది కావాలంటే పొయ్యి మీదే వేయించుకో. రెండు రస్కులు బరకగా దంచి, నాలుగు జీడిపప్పు బద్దలతో, చెంచాడు నేతిలో వాసన వచ్చేదాకా వేయిస్తే చాలు. తినే ముందే పైన చల్లు. ముందే వేస్తే రసం పీల్చుకుని మెత్తబడిపోతుంది.

గిన్నె గాజుదో పింగాణీదో కావాలి, సగానికి మించి నింపకూడదు. బెల్లం రసం పొంగుతుంది. స్టీలు గిన్నె, బంగారు అంచున్న కప్పు లోపల పెట్టనే కూడదు, నిప్పురవ్వలు వస్తాయి. మెలమైన్ గిన్నెలూ వద్దు. 800 వాట్ల మీద మూత ఓరగా పెట్టి నిమిషన్నర ఉంచు. తీసి, అంచుల ముక్కలు మధ్యకు వచ్చేలా కలిపి, మూత లేకుండా మరో నిమిషన్నర. మూత తీస్తే ఆవిరి పోయి రసం చిక్కబడుతుంది. తర్వాత రెండు నిమిషాలు కదపకుండా వదిలెయ్. ఆగలేక వెంటనే నోట్లో పెట్టుకున్నావంటే నాలుక కాలుతుంది, వేడి పాకం నాలుకకు అంటుకుని వదలదు.

పైన చల్లని ఛెనా రెండు చెంచాలు చిదిమి వేసుకో, అక్కడ ఏ మిఠాయి దుకాణంలోనైనా అడుగు. అనాస, పాలు పడవని మీ అమ్మ అంటుంది. ఉడికించని అనాస విషయంలో ఆ మాట నిజమే. అందులోని బ్రోమెలైన్ అనే ఎంజైము పాలలోని మాంసకృత్తులను విరగ్గొట్టి చేదు తెస్తుంది. బాగా ఉడికితే దాని శక్తి పోతుంది కాబట్టి ముక్కలు నడిమిదాకా ఉడకాలి, అంతే.

అనాస లేని రోజు అరటిపండు చీల్చి నెయ్యి, బెల్లం వేసి ముప్పావు నిమిషం పెట్టు. ఆపిల్ అయితే చెంచాడు నీళ్లతో రెండు నిమిషాలు. మామిడిని మాత్రం ఉడికించకు, ఆ వాసన పాడుచేయడం నాకు ఇష్టం లేదు.

మిగిలిన అనాస ముక్కలు మూతగట్టి ఫ్రిజ్‌లో పెట్టుకుని రెండు రోజుల్లో తినెయ్. నీ మైక్రోవేవ్ ఎన్ని వాట్లో వెనకవైపు చీటీ మీద ఉంటుంది, చూసి నాకు ఫోను చెయ్యి. 800 కన్నా తక్కువైతే ఎంతసేపు పెంచాలో చెబుతాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ