బ్యాండ్ కోసం బీటెక్ మానేస్తానంటున్నాడు

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్ ఇంజినీరింగ్) మూడో సంవత్సరం చివర్లో ఉన్నాడు. తప్పిన సబ్జెక్టులు, అంటే బ్యాక్‌లాగ్‌లు, కొన్ని ఉన్నాయి. ముగ్గురు స్నేహితులతో కలిసి రాక్ బ్యాండ్ పెట్టాడు. వాడు బేస్ గిటార్ వాయిస్తాడు. కృష్ణలంకలో ఒక స్నేహితుడి మేడ మీది గదిలో రిహార్సల్స్ చేస్తుంటారు. సొంతంగా మూడు తెలుగు పాటలు కట్టారు, రెండు కాలేజీ ఫెస్టుల్లో వాయించారు. ఇప్పుడు చదువు మానేసి నలుగురూ బెంగళూరు వెళతామంటున్నారు. వాళ్ల నాన్నగారు వాడితో మాట్లాడటం మానేశారు. వాడిని ఆపాలా, వదిలేయాలా?
– ఒక తల్లి, పటమట, విజయవాడ

జవాబు: అమ్మా, చదువు మానకుండా ఆపండి. వాయించకుండా మాత్రం ఆపకండి. ఈ రెండింటినీ మీ ఇంట్లో ఇప్పటిదాకా ఎవరూ విడదీసి చూసినట్టు లేదు. అబ్బాయి చేతిలో గిటార్ కనిపిస్తే మీవారికి బ్యాక్‌లాగ్‌లు గుర్తొస్తున్నాయి. కాలేజీ బస్సు ఎక్కితే బ్యాండ్ చేజారిపోతుందని అబ్బాయి భయం.

అతనిలో ఎంత ప్రతిభ ఉందో ఇప్పుడు తేల్చనక్కరలేదు. నేను అడిగేది ఒక్కటే. బ్యాండ్‌కు పేరొచ్చే దాకా పట్టే ఏళ్లలో ఈ నలుగురికీ ఇల్లు గడిచేదెలా? సొంత పాటలు కట్టుకున్న బ్యాండ్ల చరిత్ర చూస్తే ఆ ఏళ్లు చాలా ఎక్కువ.

కలకత్తాలో 1975లో గౌతమ్ చటోపాధ్యాయ్, ఆయన మిత్రులు కలిసి 'మొహినేర్ ఘోరాగులి' అనే బెంగాలీ బ్యాండ్ పెట్టారు. మన దేశంలోని తొలి రాక్ బ్యాండ్లలో ఒకటిగా దాన్ని ఇవాళ గౌరవంగా చెప్పుకుంటారు. మూడు రికార్డులు తెచ్చి, 1981 నాటికి ఎవరి దారిన వారు వెళ్లిపోయారు. అప్పట్లో వాళ్ల పాటలు విన్నది కొద్దిమందే. 1995లో ఒక సంకలనం వచ్చాక కొత్త తరం ఆ బ్యాండ్‌ను నెత్తిన పెట్టుకుంది. గౌతమ్ 1999లో కన్నుమూశారు. ఆయన బాణీ ఒకటి 2006లో 'గ్యాంగ్‌స్టర్' అనే హిందీ సినిమాలో పాటగా వచ్చి దేశమంతా మోగింది. మంచి పాటకు ఆదరణ ఇంత ఆలస్యంగా కూడా రావచ్చు.

ఇంకో బ్యాండ్ గురించి మీ అబ్బాయికి చెప్పనక్కరలేదు, అతనికి తెలిసే ఉంటుంది. ఢిల్లీలో 1990లో మొదలైన 'ఇండియన్ ఓషన్'. తొలి ఆల్బం 1993లో వచ్చింది. వాళ్ల పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చే 'కందీసా' ఆల్బం వచ్చింది 2000లో. బ్యాండ్ మొదలై అప్పటికి పదేళ్లు గడిచాయి. ఆ బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయిస్తూ పాడే రాహుల్ రామ్ ఐఐటీ కాన్పూర్‌లో కెమిస్ట్రీ చదివి, అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేశారు. అంత చదివినా ఆయన సంగీతానికి దూరం కాలేదు. బెంగళూరు సంగతే తీసుకున్నా, అక్కడ 1996లో మొదలైన 'థర్మల్ అండ్ ఎ క్వార్టర్' బ్యాండ్ వాళ్లు తర్వాత సంగీత పాఠశాల కూడా తెరిచారు. వేదిక మీద వచ్చేదాన్నే నమ్ముకుని కూర్చోలేదు.

బెంగళూరులో గది అద్దె మొదటి నెల నుంచే కట్టాలి. ప్రోగ్రాములు మొదటి నెల నుంచే రావు. ఆన్‌లైన్ ఆదాయం మీద ఆశ పెట్టుకుని ఉంటే అదీ చెబుతాను. పాటలు వినే యాప్ స్పాటిఫైలో 2024 నుంచి, ఏడాదిలో కనీసం 1,000 సార్లు వినని పాటకు రాయల్టీయే లెక్కగట్టడం లేదు.

చేయి తిరగడానికి విజయవాడ, గుంటూరు తక్కువ ఊళ్లేమీ కావు. ఆదివారం చర్చిల్లో డ్రమ్స్, కీబోర్డ్, బేస్ వాయించేవాళ్లు కావాలి. ఇక్కడి స్టూడియోల్లో క్రైస్తవ గీతాల రికార్డింగులు జరుగుతుంటాయి. వినాయక చవితి, దసరా పందిళ్లకు, పెళ్లిళ్లకు ఆర్కెస్ట్రాలు ఉండనే ఉన్నాయి. సినిమా పాటలు వాయించడం తమ స్థాయికి తక్కువని ఈ కుర్రాళ్లు అనుకుంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. పాడే అమ్మాయి వేదిక మీద ఉన్నట్టుండి "అర శ్రుతి దించండి" అంటుంది. కీబోర్డ్ అతను ఒక మీట నొక్కి ఊరుకుంటాడు. బేస్ వాయించేవాడు మాత్రం అలవాటైన మెట్లన్నీ వదిలేసి, పాట మొత్తాన్ని అప్పటికప్పుడు కొత్త మెట్ల మీద పట్టుకోవాలి. ఆ సాధన ఏ గదిలో కూర్చున్నా రాదు, పైగా దానికి డబ్బులిస్తారు.

ఇక చదువు. అతను వద్దనుకుంటున్న ఈసీఈలోనే రికార్డింగ్ విద్యకు పునాది ఉంది. మనిషి చెవికి వినిపించే అవధి సుమారు 20,000 హెర్ట్జ్ వరకు. శబ్దాన్ని అంకెల్లోకి మార్చి మళ్లీ రాబట్టాలంటే సెకనుకు దానికి రెట్టింపు కన్నా ఎక్కువ నమూనాలు (శాంపిల్స్) తీసుకోవాలి. సీడీకి సెకనుకు 44,100 నమూనాలు పెట్టింది అందుకే. ఇది సిగ్నల్స్ పాఠమే కదా! మిక్సింగ్‌లో బేస్ మోత తగ్గించే ఈక్వలైజర్ కూడా అతను పరీక్షకు చదివిన ఫిల్టరే. ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు ఆడియో మీద చేయమనండి. డిగ్రీ ఉంటే పుణెలోని సినిమా, టీవీ శిక్షణ సంస్థ ఎఫ్‌టీఐఐలో సౌండ్ రికార్డింగ్ కోర్సు ప్రవేశ పరీక్ష రాయవచ్చు. ఇంటర్‌లో ఫిజిక్స్ చదివి ఉండాలన్న నిబంధన అతనికి అడ్డు కాదు. ఇప్పుడు మానేస్తే ఆ తలుపు మూసుకుపోతుంది.

బ్యాండ్ విషయంలో మాత్రం ఈ నెలలోనే తేల్చుకోవాల్సిన పని ఉంది. మూడు పాటల్లో ఒక్కోదానికి సాహిత్యం ఎవరిది, బాణీ ఎవరిది, రికార్డింగ్ ఖర్చు ఎవరు పెట్టారు అన్నది కాగితం మీద రాసి నలుగురూ సంతకాలు చేయాలి. మన కాపీరైట్ చట్టం ప్రకారం సాహిత్యం మీద, బాణీ మీద, రికార్డింగ్ మీద హక్కులు వేరువేరు. 2012 సవరణ గీత రచయితకు, స్వరకర్తకు రాయల్టీలో వాటాను గట్టిపరిచింది. ఆ వాటా వసూలు చేసిపెట్టే సంస్థ ఐపీఆర్ఎస్ 1969 నుంచీ ఉంది. సభ్యత్వం తీసుకోమనండి. బ్యాండ్ పేరును ట్రేడ్‌మార్క్‌గా వినోద సేవల తరగతి అయిన 41 కింద నమోదు చేసుకోవచ్చు. ఒకరు బయటికి వెళ్లిపోతే పేరు ఎవరికి మిగులుతుందో కూడా అదే కాగితంలో రాసుకోవాలి. స్నేహితుల మధ్య కాగితాలేమిటని మొహమాటపడతారు. స్నేహం నిలవాలనే ఈ మాట చెబుతున్నానని నా మాటగా చెప్పండి.

మీవారిని ఒప్పించి ఒక ఆదివారం ఆ కృష్ణలంక గదికి తీసుకెళ్లండి. మిగతా ముగ్గురి తల్లిదండ్రులనూ రమ్మనండి. మూడు పాటలూ పూర్తిగా విన్నాకే మాట్లాడండి. అబ్బాయి బ్యాక్‌లాగ్‌లు ఎప్పటికి పూర్తిచేస్తాడో తేదీ చెప్పాలి, రిహార్సల్ రోజుల్లో ఇంట్లో గొడవ ఉండదని మీవారు మాటివ్వాలి. డిగ్రీ చేతికొచ్చాక, ఏడాది గడువు పెట్టుకుని, కొంత డబ్బు కూడబెట్టుకుని నలుగురూ బెంగళూరు వెళతామంటే అప్పుడు మళ్లీ రాయండి. ఆ ప్రయాణానికి లెక్కలు వేయడంలో నేను మీ అబ్బాయి పక్షాన ఉంటాను.